పాట పట్టిన పెట్టెలు

సూర్యాపేటలోనో కోదాడలోనో మిర్యాలగూడలోనో ఒక రికార్డింగ్ గదికి పోయి "పాటలు చేద్దామనుకుంటున్నన్నా, ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోవాలె?" అని అడిగి చూడండి. పేరు వెంటనే చెప్పరు. "ట్రాక్ నువ్వే చేస్తవా, తెచ్చుకుంటవా?" అని ఎదురడుగుతారు. ట్రాక్ అంటే గొంతు లేని వాయిద్యాల సంగీతం. దానికి జవాబిస్తే "మిక్సింగ్ యాడ?" అన్నది రెండో ప్రశ్న. పరాయివాళ్లకు ఇది దాటవేతలా కనిపించొచ్చు. నాకు మాత్రం ఈ మూడు ఊళ్ల రికార్డింగు చరిత్ర ఆ రెండు ప్రశ్నల్లోనే ఉన్నట్టు తోస్తుంది. ఇక్కడ ఏ కాలంలోనూ సాఫ్ట్‌వేర్‌ను దాని గొప్పతనం చూసి ఎంచుకోలేదు. చేసిన పాట తర్వాత ఎవరి చేతికి పోతుంది, అక్కడ ఏది తెరుచుకుంటుంది అన్నదే ఎంపికను తేల్చింది. కంప్యూటర్ రాకముందు కూడా అంతే.

ఊళ్లు ఎక్కడున్నాయో ముందు చూడాలి. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద సూర్యాపేట దాదాపు నడిమధ్యన ఉంటుంది. అదే రోడ్డు మీద కోదాడ విజయవాడ వైపుకు జరిగి ఉంటుంది, అక్కడికి వంద కిలోమీటర్లు కూడా లేదు. మిర్యాలగూడ ఆ రోడ్డుకు పక్కన, బీబీనగర్–గుంటూరు రైలు దారి మీద ఉంది. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు సూర్యాపేట జిల్లా కేంద్రమై కోదాడను కలుపుకుంది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. పాటలు మాత్రం జిల్లా హద్దులు చూసుకోలేదు. బస్సు ఎటు తొందరగా దొరికితే అటు పోయాయి.

యంత్రం లేని కాలంలో ఈ నేల మీద పాటకు కరువు లేదు. 1940లలో సూర్యాపేట తాలూకా తెలంగాణ సాయుధ పోరాటానికి గట్టి పట్టున్న చోటు. కరివిరాల కొత్తగూడెం ఆడబిడ్డ మల్లు స్వరాజ్యం ఉయ్యాల పాటల బాణీలతోనే ఊరూరా జనాన్ని కదిలించింది. ఇదే పాత నల్లగొండ జిల్లాకు చెందిన సుద్దాల హనుమంతు గొల్లసుద్దుల వరసలో పోరాట కథలు కట్టాడు. నిజాం మీద బండి యాదగిరి కట్టిన పాట నోటి నుంచి నోటికే బతికింది. 1980లో విడుదలైన 'మా భూమి' సినిమాలో గద్దర్ గొంతుతో అది తెరకెక్కేసరికి మూడు దశాబ్దాలు దాటిపోయాయి. పాడినవాళ్లకు మైకు లేదు, పట్టడానికి టేపు లేదు. రేడియో ఉన్నా అది దూరపు మాటే. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబర్‌లో మొదలైంది, హైదరాబాద్‌లోని నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. జానపదుడి గొంతు చక్కగా రికార్డు కావాలంటే ఆ రెండు ఊళ్ల స్టూడియోలకే పోవాలి, అక్కడి అధికారి సరేననాలి.

ఆ తర్వాత కాలువ వచ్చింది. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్‌లో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు వరికి మళ్లాయి. మిర్యాలగూడ చుట్టూ రైసు మిల్లులు వరుసకట్టాయి. సంగీతం గురించి రాస్తూ వడ్ల ముచ్చటేమిటంటారా? వరి పండినచోట పెండ్లి ఖర్చు పెరుగుతుంది, పెండ్లి ఖర్చుతోపాటు మైకుసెట్టు పెరుగుతుంది, మైకుసెట్టు వెనకే ఆర్కెస్ట్రా వస్తుంది. ఎలక్ట్రానిక్ కీబోర్డు, కర్రలతో కొట్టే రబ్బరు ప్యాడ్ ఈ ప్రాంతానికి వచ్చింది పెండ్లిళ్ల పుణ్యమానే.

క్యాసెట్ కూడా అప్పుడే ఊపందుకుంది. ఫిలిప్స్ కంపెనీ 1963లో తయారుచేసిన ఈ డబ్బీ మన దగ్గర ఇంటింటి వస్తువు కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1983లో పుట్టిన టీ–సిరీస్ లాంటి కంపెనీలు ధర దించాక చిన్న పట్నాల్లోనూ క్యాసెట్ షాపులు వెలిశాయి. ఆ షాపుల్లో అసలు వ్యాపారం కొత్త క్యాసెట్లు అమ్మడం కన్నా పాటలు నింపడం. కాగితం మీద పాటల పేర్లు రాసి, ఖాళీ మెల్‌ట్రాక్ క్యాసెట్ ఇచ్చి, రెండు రోజులాగి వస్తే తయారుగా ఉండేది. రెండు డెక్కుల టేప్‌రికార్డర్ ముందు కూర్చుని ఏ పాట తర్వాత ఏది, ఎక్కడ ఆపాలి, అరవై నిమిషాల్లో ఎన్ని పడతాయి అని లెక్కలేసిన ఆ షాపతనే ఈ ఊళ్ల మొదటి ఎడిటర్ అని నా అభిప్రాయం. ఎవరూ అతన్ని సంగీతకారుడని పిలవలేదు.

ఆ సమయంలోనే బయటి ప్రపంచంలో వేరే పెట్టెలు తయారవుతున్నాయి. 1983లో మిడి ప్రమాణం వచ్చి వేర్వేరు కంపెనీల కీబోర్డులు ఒకే భాష మాట్లాడాయి. 1985లో వచ్చిన అటారీ ఎస్‌టీ కంప్యూటర్‌కు మిడి తీగలు పెట్టే రంధ్రాలు పుట్టుకతోనే ఉన్నాయి. దాని మీదే జర్మనీలోని స్టైన్‌బెర్గ్ కంపెనీ 1989లో క్యూబేస్ అనే సంగీత సాఫ్ట్‌వేర్‌ను వదిలింది. 1991లో అమెరికా నుంచి ప్రోటూల్స్ వచ్చింది; అప్పట్లో నాలుగే ట్రాకులు, ఆరు వేల డాలర్ల ధర. మన సినిమాల్లో రాజ్–కోటి దగ్గర కీబోర్డు పనిచేసిన దిలీప్ అనే కుర్రాడు 1992లో ఏ.ఆర్.రహమాన్‌గా 'రోజా'తో బయటపడ్డాక, పాటను గదిలో కూర్చుని పొరలు పొరలుగా కట్టొచ్చని అందరికీ వినపడింది. సూర్యాపేట ఆర్కెస్ట్రా కీబోర్డు ప్లేయర్‌కు ఆ చప్పుడు చెవిన పడింది గాని, దాని వెనకున్న కంప్యూటర్ కంటికి కనిపించడానికి మరో పదేళ్లు ఆగాల్సి వచ్చింది.

కంప్యూటర్ వచ్చింది కూడా సంగీతం పేరుతో కాదు. మొదట డీటీపీ సెంటర్లకు, ఫొటో స్టూడియోలకు, పెండ్లి వీడియోలు మిక్సింగ్ చేసే గదులకు వచ్చింది. పెండ్లి క్యాసెట్‌కు పాట అతికించాలి గనుక సౌండ్ కార్డు ఉండేది. ఆ మిషన్ మీదే పగలు వీడియో, రాత్రి ఆడియో. వేసుకున్న సాఫ్ట్‌వేర్ ఎక్కువగా కూల్ ఎడిట్ ప్రో. సింట్రిల్లియం అనే చిన్న కంపెనీది. 2003లో అడోబీ కొనేసి ఆడిషన్ అని పేరు మార్చినా మనవాళ్లు చాలాకాలం కూల్ ఎడిట్ అనే పిలిచారు. వాయిద్యాలు చేయడం దానికి చేతకాదు. ఇక్కడ ఆ అవసరమూ లేదు. ట్రాక్ హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చేది, లేదా సినిమా పాటనే గొంతు తీసేసి వాడుకునేవారు. ఎడమ చెవి ధ్వనిలోంచి కుడి చెవి ధ్వనిని తీసివేస్తే నడిమధ్య ఉన్న గాయకుడు మాయమవుతాడు, వాడితోపాటు బేస్ గిటారూ డ్రమ్ము దెబ్బా కూడా పోతాయి. ఆ బోలు చప్పుడు మీదే ఎన్నికల పేరడీలు, క్రైస్తవ కూటాల పాటలు, అయ్యప్ప భజనలు రికార్డయ్యాయి. చెవికి ఇంపుగా లేకపోయినా జీపు మీది హారన్ గొట్టంలో వినడానికి సరిపోయేవి.

కూల్ ఎడిట్‌ను ఇక్కడ నిలబెట్టిన గుణం మరొకటుంది. మిల్లు మోటార్లున్న వీధిలో కరెంటు తీగ నుంచి ఎప్పుడూ ఒక బొంయ్‌మనే శబ్దం మైకులో పడుతుంది, యాభై హెర్ట్జ్‌ల దగ్గర. రోడ్డు పక్క గదిలో లారీ హారన్లు. పాట మొదలవ్వకముందున్న రెండు క్షణాల రొదను నమూనాగా చూపిస్తే పాట పొడుగునా దాన్ని తీసేయడం కూల్ ఎడిట్‌కు వచ్చు. అతిగా వాడితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుండేది. అప్పటి క్యాసెట్లలో, సీడీల్లో ఆ లక్షణం ఇప్పటికీ గుర్తుపట్టొచ్చు. కరెంటు కోత ఇంకో బాధ. యూపీఎస్ లేనివాడు ప్రతి చరణానికీ సేవ్ కొట్టుకున్నాడు. సీడీ నాణ్యతలో స్టీరియో పాట నిమిషానికి పది మెగాబైట్లు తింటుంది. పది ట్రాకుల పాటలు పోగుపడేకొద్దీ అప్పటి హార్డ్ డిస్కు ఉక్కిరిబిక్కిరయ్యేది. అందుకని పాట చేయించుకున్న పార్టీ చేతికి సీడీ అందగానే విడివిడి ట్రాకులు చెరిపేసేవారు. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న ఏళ్లలో పల్లెపల్లెనా పుట్టిన పాటల్లో ఎన్నింటికో ఇప్పుడు మిగిలింది చివరి ఎంపీ3 ఒక్కటే కావడానికి ఇదొక కారణమని నేననుకుంటాను.

రెండో తరం క్యూబేస్‌ది, దాని అన్న న్యూయెండోది. 1996లో స్టైన్‌బెర్గ్ తెచ్చిన వీఎస్‌టీ పద్ధతితో రివర్బ్, ఈక్యూ, ఆ తర్వాత వాయిద్యాలు కూడా కంప్యూటర్ లోపలికే వచ్చేశాయి. 2009లో వచ్చిన క్యూబేస్ 5లో శృతి తప్పిన గొంతును గీత లాగి సర్దే సదుపాయం అందులోనే కలిసి వచ్చింది. అంతకుముందు దానికోసం ఆటోట్యూనో మెలోడైనో వేరుగా తెచ్చుకోవాలి. పాడేవాళ్లలో సగం మంది తొలిసారి మైకు ముందుకు వచ్చే చిన్న ఊళ్లో ఈ సదుపాయం ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు. ప్రపంచంలో క్యూబేస్ 6, 7, 8 వచ్చినా ఇక్కడి గదుల్లో ఆ ఐదే ఏళ్లపాటు కదలకుండా కూర్చుంది.

కదలకపోవడానికి ఇంకో కారణం అందరికీ తెలిసిందే: అది క్రాక్. అసలు ప్రతికి యూఎస్‌బీ తాళం కావాలి, పూర్తి ప్రతి ఖరీదు పెడితే ఆ రోజుల్లో ఇంకో కంప్యూటర్ వచ్చేది. పెన్‌డ్రైవ్‌లో వచ్చినది ఉచితం. నేను దాన్ని సమర్థించను. పాటకు రాయల్టీ రావట్లేదని వాపోయేవాళ్లం సాఫ్ట్‌వేర్ రాసినవాడి కూలి ఎగ్గొట్టడం ఏం న్యాయం? కాని చరిత్ర రాసేటప్పుడు కళ్లు మూసుకోలేం. ఈ ఊళ్లలో రెండు మూడు తరాల కుర్రాళ్లు పని నేర్చుకున్నది ఆ దొంగ ప్రతుల మీదే. శిక్ష కూడా అక్కడే పడింది. అప్‌డేట్ ఉండదు, విండోస్ మార్చడానికి భయం, ఒక ప్లగిన్ తెరిస్తే ఇంకోటి మూసుకుపోతుంది, పార్టీ ఎదురుగా కూర్చున్నప్పుడే మిషన్ ఆగిపోతుంది. స్టైన్‌బెర్గ్ 2022లో క్యూబేస్ 12తో యూఎస్‌బీ తాళాన్ని వదిలేసేనాటికి చాలామంది వేరే దారి పట్టారు.

ఇక్కడే ఊరి దిక్కు పనిచేసింది. సూర్యాపేట కుర్రాడు మిక్సింగ్‌కు హైదరాబాద్ పోతాడు. అక్కడి మిక్సింగ్ గదిలో న్యూయెండో ఉంటే ఇక్కడా అదే కావాలి. కోదాడ పాట విజయవాడ పోతుంది. మిర్యాలగూడలో కూటాల పాటలు చేసేవాళ్లకు గుంటూరు రైలు ఉంది. పని నేర్పిన అన్న ఏది వాడితే అదే తమ్ముడి చేతికి వచ్చింది, ఎందుకంటే రాత్రి పదకొండింటికి ఇరుక్కుపోతే ఫోన్ చేయాల్సింది అతనికే. ఏ మాగజైన్ రేటింగూ ఆ ఫోన్ నంబరుకు సాటిరాదు.

ఎఫ్‌ఎల్ స్టూడియో మాత్రం ఈ గురుపరంపరను పట్టించుకోకుండా వచ్చింది. బెల్జియంలోని ఇమేజ్‌లైన్ 1997 చివర్లో 'ఫ్రూటీలూప్స్'గా వదిలినప్పుడు అది పదహారు గళ్ల వరుసే. గడి నొక్కితే దెబ్బ, వదిలితే ఖాళీ. స్వరం చదవనక్కర్లేదు, కీబోర్డు రానక్కర్లేదు. 2003లో పేరు మారి, మెల్లగా పూర్తి స్థాయి సాఫ్ట్‌వేర్ అయింది. బారాత్ డీజేల వెంట తిరిగిన పోరగాళ్లకు చేతికందిన మొదటి వాయిద్యం ఇదే. వాళ్లకు గురువు లేడు, యూట్యూబ్ ఉంది.

అయితే పదహారు గళ్లు అంటే నాలుగు నాలుగుల లెక్క. మన తీన్మార్ దరువు మూడుల మీద నడుస్తుంది. గళ్లను పన్నెండుకు మార్చుకోవాలని తెలియని రోజుల్లో చేసిన రీమిక్సులు వింటే దరువు కుంటుతూ ఉంటుంది, ఆడేవాళ్ల కాలు ఒక చోట, బేస్ దెబ్బ ఇంకోచోట. పాట మధ్యలో తాళం మార్చుకునే వీలు ఎఫ్‌ఎల్‌కు 2018లో, ఎఫ్‌ఎల్ 20తో వచ్చింది. మ్యాక్ కంప్యూటర్‌కు సొంత ప్రతి వచ్చింది కూడా అప్పుడే. ఒక కథలో రెండు మూడు నడకలు మార్చే ఒగ్గు కథకుడి ముందు ఈ సదుపాయం చాలా ఆలస్యంగా వచ్చినట్టే.

సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతరకు వచ్చి నిలబడితే సాఫ్ట్‌వేర్ల పరిమితి చెవికి తెలుస్తుంది. మేడారం తర్వాత అంతటి జాతరగా చెప్పుకునే ఆ గుట్ట మీద యాదవుల భేరీలు, కాళ్ల గజ్జెలు, లింగా అనే కేక ఒకేసారి నడుస్తాయి. ఆ గుంపు నడక ఏ గడిలోనూ కూర్చోదు. ఊపు వచ్చిన కొద్దీ వేగం పెరుగుతుంది, గట్టెక్కేటప్పుడు తగ్గుతుంది. అదే జాతర మీద స్టూడియోలో చేసే డీజే పాటలో మొదటి నుంచి చివరి దాకా ఒకే టెంపో, గీత గీసినట్టు. బతుకమ్మకూ ఇదే గతి. చప్పట్ల మధ్య ఆడవాళ్లు తీసుకునే ఊపిరి పాట నడకలో భాగం. చెవిలో తాళం కొట్టే క్లిక్ పెట్టి పాడమంటే ఆ ఊపిరి పోతుంది. ముందు గొంతులను వాటి నడకలోనే రికార్డు చేసి, తర్వాత టెంపో గీతను గొంతుకు తగ్గట్టు వంచుకోవడం క్యూబేస్, రీపర్, ఏబుల్టన్ లైవ్ అనే సాఫ్ట్‌వేర్లలో సాధ్యమే. ఎక్కువ పని, ఎక్కువ గంటలు. పార్టీ అంత డబ్బు ఇవ్వదు. అందుకని క్లిక్కే గెలుస్తుంది.

డప్పు సంగతి ఇంకా విచిత్రం. మంట దగ్గర కాచి బిగించే తోలు అది. ఏసీ గదిలో అరగంట ఉంచితే వదులైపోయి గొంతు మారుతుంది. దగ్గరగా మైకు పెడితే దెబ్బకు మీటరు గీత ఎర్రబడుతుంది. టేపు అయితే ఆ దెబ్బను మెత్తగా మింగేది, కంప్యూటర్ మింగదు, పగులుతుంది. ఈ తలనొప్పి ఎందుకని తయారు లూపులు వేసుకుంటున్నారు. ఫలితంగా సూర్యాపేట పాటలోనూ సిద్దిపేట పాటలోనూ ఒకే డప్పు, ఒకే మనిషి ఎప్పుడో ఎక్కడో కొట్టిన డప్పు, మోగుతోంది. ఊళ్లో డప్పు కొట్టేవాళ్లు తక్కువైతే సరే అనుకోవచ్చు. ఉండగా ఇలా చేయడం నాకు మింగుడు పడదు.

2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి ఫోన్‌లో నెట్ చవకయ్యాక వ్యవహారం తలకిందులైంది. సీడీ పోయింది, పాట నేరుగా ఫోన్‌లోకి చేరింది. జానపద ప్రైవేటు పాటలు, తండాల బంజారా పాటలు, చర్చి పాటలు, ఎన్నికల పాటలు చిన్న ఊళ్ల గదులను పోషించే నాలుగు పంటలయ్యాయి. పాట ఇప్పుడు మొదట చేరేది వీడియో ఎడిటర్ చేతికి. దాంతో ఆడియో వీడియోకు సరిపడే 48 కిలోహెర్ట్జ్‌లలో ఉండాలి, విడుదల తేదీ ముందే ప్రకటించి ఉంటారు గనుక రాత్రికి రాత్రి మార్పులు చేయగలగాలి. 2020 లాక్‌డౌన్‌లో గాయకులు ఇంట్లోనే ఫోన్‌కు మైకు తగిలించి వాయిస్ పంపడం అలవాటు చేసుకున్నారు. స్టూడియోకు రావాల్సిన మనిషి బదులు వాట్సాప్‌లో నలిగిపోయిన ఫైలు వచ్చింది.

ఇన్నేళ్ల తర్వాత కొత్తవాడు ఏది వేసుకోవాలి? సొంతంగా ట్రాకులు కట్టేవాడికి ఎఫ్‌ఎల్ తగినది. ఒకసారి కొంటే జీవితాంతం కొత్త ప్రతులు ఉచితం. కాని చౌకగా ఉందని అన్నింటికన్నా కింది 'ఫ్రూటీ' ప్రతి కొంటే అందులో వాయిస్ రికార్డు కాదు, 'ప్రొడ్యూసర్' ప్రతి కావాలి. ఈ తేడా తెలియక డబ్బు పోగొట్టుకోవద్దు. ట్రయల్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టు కొనేదాకా మళ్లీ తెరుచుకోదన్నదీ గుర్తుంచుకోవాలి. గొంతులు, డప్పులు, డోళ్లు ఎక్కువగా రికార్డు చేసేవాడికి నా ఓటు రీపర్‌కే. విన్‌ఆంప్ తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెల్ చేతి పని అది. చిన్న ఆదాయం వాళ్లకు అరవై డాలర్లు, అరవై రోజులు అడ్డులేకుండా వాడి చూడొచ్చు, పాత కంప్యూటర్ మీద కూడా దౌడు తీస్తుంది. వాయిద్యాలు దాంతో పెద్దగా రావు, ముఖం కూడా కళగా ఉండదు. క్యూబేస్ చేయి తిరిగినవాళ్లు స్టైన్‌బెర్గ్ ఆడియో ఇంటర్‌ఫేస్ కొంటే క్యూబేస్ చిన్న ప్రతి, ఫోకస్‌రైట్ స్కార్లెట్ కొంటే ఏబుల్టన్ లైవ్ చిన్న ప్రతి పెట్టెతోనే వస్తాయి. క్రాక్ జోలికి పోకుండా మొదలుపెట్టడానికి అవి చాలు. లాజిక్ మంచిదే గాని 2002లో ఆపిల్ దాన్ని కొన్నప్పుడే విండోస్‌కు తలుపు మూసింది, మ్యాక్ ఖర్చు కలుపుకోవాలి. డబ్బే లేనివాడికి ఫోన్‌లో బ్యాండ్‌ల్యాబ్ ఉంది.

గొంతు తీసేసే పాత కిటుకు కూడా మరో రూపంలో తిరిగొచ్చింది. 2019లో డీజర్ కంపెనీ స్ప్లీటర్‌ను ఉచితంగా వదిలాక గొంతు, డ్రమ్ము, బేస్ విడివిడిగా లాగడం పిల్లల ఆటైంది. ఇప్పుడు ఎఫ్‌ఎల్‌లో, లాజిక్‌లో ఆ సదుపాయం లోపలే ఉంది. పాత జానపద క్యాసెట్‌లోంచి గొంతును బయటికి తీసి కొత్త దరువు వేసే పనులు మొదలయ్యాయి. ఆ గొంతు ఎవరిదో, వాళ్ల ఇంటివాళ్లను అడగాలా అన్నది ఏ సాఫ్ట్‌వేర్ మెనూలోనూ లేదు.

ఏ పెట్టె ఎంచుకున్నా చివరికి ఫైళ్లు పక్కవాడికి ఇవ్వాల్సిందే. ఎఫ్‌ఎల్ ప్రాజెక్టు క్యూబేస్‌లో తెరుచుకోదు, క్యూబేస్‌ది రీపర్‌లో తెరుచుకోదు. అందుకని ఈ మూడు ఊళ్లలో పని తెలిసినవాళ్లు కొంతకాలంగా ఒక పద్ధతికి వచ్చారు. ప్రతి ట్రాకునూ విడిగా డబ్ల్యూఏవీగా, 24 బిట్లలో, అన్నీ పాట మొదటి సెకను నుంచే మొదలయ్యేలా తీస్తారు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఖాళీతోనే. వాయిస్ ఎఫెక్టులు లేకుండా ఒకటి, ఎఫెక్టులతో ఒకటి. సాఫ్ట్‌వేర్ వాయిద్యాలను ఆడియోగా మార్చి ఇస్తారు, లేకపోతే అవతలివాడి దగ్గర ఆ ప్లగిన్ లేక వేణువు పియానోగా మారిపోతుంది. అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి డ్రైవ్ లింకు పంపిస్తారు. ఫోల్డర్ పేరులో శృతి, టెంపో రాయడం మరిస్తే మాత్రం హైదరాబాద్ నుంచి ఫోను తప్పదు.